మొరం తీసిన చేనుకు మళ్లీ మన్ను

చిరంజీవికి,

పెదనాయన దీవించి రాసేది. మొరం, అంటే రోడ్లకు పోసే ఎర్ర గులకమట్టి, తవ్వుకుపోయిన నీ రెండెకరాల గుంతలు పూడ్చి ఈ వానాకాలమే పత్తి పెడతానన్నావు. ఫోన్‌లో తెగే మాట కాదని రాస్తున్నా. మట్టి పోసిన ఏ ముక్కలోనైనా పత్తిని మూడేళ్లు మరిచిపో.

పాలమూరు లేబర్‌గా మేస్త్రీ వెంట ఊరూరా తిరిగి కాలువలు తవ్వినోణ్ణి. మట్టి తీయడం వచ్చినంతగా పెట్టడం రాలేదు నాకు. కల్వకుర్తి దగ్గరి మన చెల్కను, ఆ ఎర్రనేల చేనును, ఒక కాంట్రాక్టరుకు మొరానికిచ్చా. పైమట్టి పక్కన పోయించుకోవాలని తెలిసీ అడగలేదు, డబ్బు చేతిలో పడింది కదా. తర్వాత ఎండాకాలమంతా చెరువు మట్టి తోలించా. జూన్‌లో ఒక్క పెద్దవాన. తెల్లారి పోయి చూస్తే గులకరాళ్లు కడిగి ఆరబోసినట్టున్నాయి, మట్టంతా వాగుపాలు.

కాబట్టి మట్టికంటే ముందు నీళ్ల దారి చూడు. పై చేనునుంచి వచ్చే నీళ్లు గుంతలోకి దూకకుండా గట్టు వెయ్యి. జేసీబీ నిలువునా కోసిన అంచులను మూరెడు ఎత్తుకు మూడు మూరలు వాలేలా చదును చేయించు. అన్నిటికంటే లోతైన గుంతను పూడ్చకు. నీళ్లకుంటగా ఉండనీ, చుట్టూ కంచె మాత్రం తప్పదు. మొరం గుంతల్లో ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకునే పిల్లలు ఏటా ఎక్కడో ఒకచోట ఉంటూనే ఉన్నారు.

ఇక అడుగు నేల. లారీలు తిరిగి తిరిగి అది సిమెంటు గచ్చైపోయి ఉంటుంది. గడ్డపారతో మూరెడు గుంట తీసి బిందెడు నీళ్లు పొయ్యి. చాయ్ తాగి వచ్చేసరికి నీళ్లు అట్లాగే నిలిచి ఉంటే నేల ఇంకా బిగిసి ఉన్నట్టే. ఎండాకాలం పొడిగా ఉన్నప్పుడే ట్రాక్టరుకు కట్టే చిజిల్ నాగలితో వాలుకు అడ్డంగా లోతుగా చీల్చాలి. తడిలో చీలిస్తే మళ్లీ అతుక్కుంటుంది.

మట్టి లెక్క చెప్తా, టెన్షన్ పడకు. ఎకరం మీద ఒక అంగుళం మందం పరచాలంటే 3,630 ఘనపుటడుగులు. ట్రాలీకి 100 అడుగులనుకుంటే 36 ట్రాలీలు. మూడు అంగుళాలంటే నూరు దాటుతాయి. అందుకే ఏడాదికి పది గుంటల నేల, అంటే పావెకరం, బాగు చెయ్యి, 27 ట్రాలీలతో అయిపోతుంది. పంచాయతీలో అడిగి, చెరువు నడుమ పేరుకున్న నల్లని ఒండ్రు తెచ్చుకో. తెల్లగా చవుడు తేలింది వద్దు.

కోలార్ దగ్గర పనికి పోయినప్పుడు బంగారు గనుల గుట్టలు చూశా. రాయిని పిండి చేసి, సైనైడ్‌తో బంగారం లాగేసి, మిగిలింది పోసిన గుట్టలవి. గనులు 2001లో మూతపడ్డాయి కానీ గుట్టలు పోలేదు, గాలికి దుమ్ము లేస్తూనే ఉంటుంది. అక్కడ పంట మాట తర్వాత, ముందు దుమ్ము లేవకుండా కప్పాలి. నీ చేనులో విషం లేదు. మన్ను లేదు, అంతే.

మట్టి పోసిన ముక్కలో తొలకరికి పచ్చిరొట్ట ఎరువుగా జనుము చల్లు. పూత మొదలవుతుండగా, 45 రోజులకు అటూ ఇటూగా, కలియదున్ను. కాయ పట్టేదాకా ఆగితే కాడ ముదిరి కుళ్లదు. రెండో ఏడు ఉలవలు, మూడో ఏడు ఆముదమో కందో. మధ్యలో పంట లేనప్పుడు ఎరువు కోసం రాత్రిళ్లు గొర్ల మంద పెట్టించు. పది రాత్రులు మంద పడుకున్న చోట మొక్క పచ్చదనమే వేరు, నేను కళ్లారా చూశా. యూరియా బస్తా అంతకు సాటిరాదనే నా పట్టు, మీ తమ్ముడు ఒప్పుకోడు. మట్టి పరీక్షకు దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి పో. పది చోట్ల జానెడు లోతున తీసి, కలిపి, అరకిలో పట్టుకెళ్లు.

అంచుల మీద సీతాఫలం పెట్టు. మన బాలానగర్ రకానికి రాళ్లనేల కొత్త కాదు, మేకలూ ఆకు ముట్టవు.

బిందె పరీక్ష చేసి ఫోన్ చెయ్యి. మందకు గొల్లాయనతో నేను మాట్లాడతా. రాత్రికింత అని ముందే తేల్చుకోవాలి, బియ్యం వేరే అడుగుతాడు.

మీ పెదనాయన