దెబ్బతిన్న చేప గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. టైగర్ బార్బులనే చారల చేపలు కొరికేసిన ఏంజెల్ చేపను ఎలా బతికించుకోవాలో తెలుగులో రాయాలనుకున్నావు చూడు, అది నాకు చాలా నచ్చింది. కానీ మందు పేరుతో మొదలుపెట్టావు. ఇది చదివే మనిషిని ఒక్కసారి ఊహించుకో. రాత్రి పదింటికి షాపులన్నీ మూసేశాక, తోక చిరిగి మూలన నక్కిన చేపను చూస్తూ, టెన్షన్‌తో ఫోన్లో వెతుకుతుంటాడు. అతనికి ముందు కావలసింది మందు కాదు, ఆ చేపను మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయమనే మాట. నువ్వు దాన్ని ఐదో పేరాలో పెట్టావు. పైకి తీసుకురా.

"వేరే టబ్బులో పెట్టండి" అని ఒక్క వాక్యంతో సరిపెట్టావు, అదీ కుదరదు. కొత్త టబ్బులో చెత్తను శుద్ధి చేసే బ్యాక్టీరియా ఉండదు కాబట్టి చేప విసర్జించే అమోనియా అలాగే పేరుకుపోతుంది, గాయంతో చావని చేప దానితో చస్తుంది. పాత ట్యాంకు నీళ్లే టబ్బులో పోయాలని, ఆ బ్యాక్టీరియా ఉండే పాత ఫిల్టర్ స్పాంజి ముక్క ఒకటి ఇందులోకి మార్చాలని, ఎయిర్ పంపు పెట్టాలని, ఏంజెల్ చేపకైతే నీళ్లు 26 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని, రోజూ పావు వంతు నీళ్లు తీసి క్లోరిన్‌ను తీసేసే యాంటీ క్లోరిన్ మందు కలిపిన నీళ్లు, అవీ అదే వేడిలో ఉన్నవి, పోయాలని విడమరచి రాయి. నీళ్లను పరీక్షించే టెస్ట్ కిట్‌లో అమోనియా, దాని నుంచి పుట్టే మరో విషం నైట్రైట్, రెండూ సున్నా చూపించాలి. చేపకు కనురెప్పలు ఉండవు కాబట్టి లైటు ఆర్పేసి టబ్బు మీద ఒక గుడ్డ కప్పమను.

ఇక ఉప్పు. నీ వ్యాసంలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఆ వాక్యమే. "ఒక చెంచా ఉప్పు వేయండి, నీళ్లు మార్చినప్పుడల్లా మళ్లీ వేయండి." ఏ చెంచా? ఎన్ని లీటర్లకు? లీటరుకు ఒక గ్రాము అని రాయి, ఇరవై లీటర్ల టబ్బుకు ఇరవై గ్రాములు, అయోడిన్ లాంటివేమీ కలపని ఉప్పు, విడిగా గ్లాసు నీళ్లలో కరిగించి మెల్లమెల్లగా పోయాలి. నీళ్లు ఆవిరైనా ఉప్పు ఆవిరవదు. ఐదు లీటర్లు మార్చితే ఐదు గ్రాములే కలపాలి, ఆవిరైన నీటికి బదులు పోసే నీళ్లలో అసలు కలపకూడదు. నీ వాక్యాన్ని నమ్మినవాడు మార్చిన ప్రతిసారీ పూర్తి మోతాదు వేస్తూ పోతే వారం తిరిగేసరికి ఆ టబ్బు ఏమవుతుందో లెక్క వేసుకో. మొక్కలున్న ట్యాంకులో ఉప్పు వద్దని, కోరిడోరస్ లాంటి చేపలు దాన్ని తట్టుకోలేవని కూడా ఒక మాట చేర్చు.

ఫంగస్‌కు వాడే నీలి మందు మిథిలీన్ బ్లూ గురించి రాసింది బాగుంది, కాకపోతే అది ఫిల్టర్ బ్యాక్టీరియాను కూడా చంపుతుంది కాబట్టి పెద్ద ట్యాంకులో పోయకూడదని, విడి టబ్బులో వాడినా స్పాంజి తీసేసి నీళ్లు ఇంకా ఎక్కువగా మార్చాలని చెప్పు. మనుషులు వాడే మందు క్యాప్సూల్ విప్పి కలపమన్న వాక్యం మాత్రం కొట్టేయ్.

నువ్వు కళ్లతో చూసింది ఇంకా ఎక్కువ రాయాలి. "గాయం మానుతుంది" అంటే చదివేవాడికి ఏం కనిపించాలి? చిరిగిన రెక్క అంచున కొత్తగా పెరిగేది మొదట గాజులా పారదర్శకంగా ఉంటుంది, రంగు తర్వాత వస్తుంది. అది తెలియనివాళ్లు జబ్బేమో అనుకుని మళ్లీ మందు పోస్తారు. అంచు ఎర్రబడి లోపలికి తినుకుంటూ పోతే అది కుళ్లు. దూది లాంటి తెలుపు కనిపిస్తే అందరూ ఫంగస్ అంటారు గానీ కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా జబ్బు కూడా అలాగే ఉంటుంది, వేడి పెంచితే అది ఇంకా రెచ్చిపోతుంది, అందుకే "హీటర్ పెంచండి" అని గుడ్డిగా రాయకు.

"దుర్మార్గపు బార్బులు" అనే మాట తీసేయ్. ఆ మాట వాడితే నీ పాఠకుడికి కారణం అందదు. సుమత్రా నుంచి వచ్చిన ఈ చేపలు గుంపుగా బతికేవి. రెండు మూడింటినే తెచ్చి పెడితే తమలో తాము ఆడుకోవాల్సిన తరుముళ్లన్నీ పక్కనున్న నెమ్మది చేప మీద చూపిస్తాయి. ఎనిమిది, పది ఉంటే కొంత తగ్గుతుంది, కానీ పొడుగు రెక్కల ఏంజెల్‌తో, ఫైటర్ చేపతో వాటిని కలపకపోవడమే మంచిది. ఇది నువ్వు గట్టిగా చెప్పు. "కొందరు అంటారు" అని తప్పించుకోకు.

చివర "కోలుకున్నాక తిరిగి వదలండి" అన్నావు. అదే బార్బుల మధ్యకు వదిలితే మళ్లీ మొదటికే వస్తుంది, బార్బులకైనా ఏంజెల్‌కైనా వేరే ట్యాంకు చూడాల్సిందే. హద్దుల కోసం కొట్టుకునే చేపలైతే రాళ్లు, మొక్కలు అన్నీ చోటు మార్చి, లైటు ఆర్పి, అప్పుడు వదలమని రాయి.

నీ ఏంజెల్ ఫోటోలు తేదీలు వేసి వ్యాసంలో పెట్టు, రెక్క పెరగడం పాఠకుడు చూడాలి. తిరగరాసి పంపు, చదువుతాను.