తాబేలు తినడం మానేసిందా? ముందు నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆరు నెలల కింద పాప పుట్టినరోజుకి ఎర్రచెవుల తాబేలు పిల్లని కొన్నారు. పాప చదువుకునే ఏసీ గదిలో, షాపువాళ్ళిచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే పెంచుతున్నారు. పది రోజులుగా ఏమీ తినడం లేదు, కళ్ళు ఉబ్బి మూసుకుపోయాయి, డిప్ప నొక్కితే మెత్తగా లోపలికి పోతోంది. అన్నం, బ్రెడ్డు, ఎండు రొయ్యలు అన్నీ పెట్టి చూశాం, ఇంకేం పెట్టాలి అని అడిగారు.

ఇవాళ్టికి ఏమీ పెట్టకండి. ముందు దాన్ని వెచ్చబెట్టండి.

తాబేలు ఒంట్లో మనలాగా సొంత వేడి ఉండదు. చుట్టూ నీళ్ళెంత వెచ్చగా ఉంటే అది అంత వెచ్చగా ఉంటుంది. నీళ్ళు చల్లబడితే ఆకలి పోతుంది, తిన్నది అరగదు, రోగాన్ని తట్టుకునే శక్తీ తగ్గిపోతుంది. విజయవాడ ఎండలు ఎలాంటివైనా, రాత్రంతా ఏసీ నడిచే గదిలో ఆ చిన్న డబ్బాలో నీళ్ళు బాగా చల్లబడిపోతాయి. ఆ స్థితిలో బలవంతంగా నోట్లో ఏదైనా కుక్కితే పొట్టలో కుళ్ళుతుంది తప్ప ఒంటికి పట్టదు.

ఈ రాత్రే డబ్బాని ఏసీ లేని గదిలోకి మార్చండి. వెడల్పాటి టబ్బు తీసుకుని, తాబేలు ముక్కు సులువుగా నీళ్ళ పైకి వచ్చేటంత లోతు చాలు, 28 డిగ్రీల దగ్గర నీళ్ళు పోయండి. చేత్తో చూసి చెప్పలేం. అక్వేరియం షాపుల్లో చిన్న డిజిటల్ థర్మామీటరు దొరుకుతుంది, అది తప్పకుండా కొనండి. ఒక పక్కన పలకరాయో ఇటుకో పెట్టి, దాని మీదకి ఎక్కి పూర్తిగా ఆరేలా చూడండి. రాయి మీద ఒక అడుగు ఎత్తులో పాతకాలం 60 వాట్ల బల్బో, 50 వాట్ల హాలోజన్ బల్బో వెలగాలి. ఎల్ఈడీ బల్బు వెలుగిస్తుంది కానీ ఈ పనికి చాలినంత వేడి ఇవ్వదు. రాయి మీద 32 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే బాగుంటుంది. బల్బు నీళ్ళలో పడకుండా గట్టిగా బిగించండి. నీళ్ళలో పెట్టే హీటరు కొంటే, చెయ్యి పెట్టే ముందు ప్రతిసారీ ప్లగ్గు తీసెయ్యండి. ఇంట్లో పాప ఉంది కాబట్టి మరీ గట్టిగా చెప్తున్నాను.

రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. కళ్ళు అలా వాచడం చాలాసార్లు విటమిన్ ఎ లోపం వల్ల. గుడ్డులోంచి వచ్చేటప్పుడు పిల్లకి తల్లి ఇచ్చిన నిల్వ కొంత ఉంటుంది. ఎండు రొయ్యలతోనే పెంచితే కొన్ని నెలల్లో అది అయిపోతుంది, అందుకే కొన్నప్పుడు హుషారుగా ఉన్న పిల్ల ఇప్పుడు ఇలా అయింది. కళ్ళు కనపడని తాబేలు తిండి వాసన వచ్చినా తినదు, చూసి పట్టుకోవడం దాని అలవాటు. ఎవరైనా చెప్పారని విటమిన్ ఎ గొట్టాలు చిదిపి నోట్లో వెయ్యకండి. మోతాదు మించితే చర్మం పొరలుగా ఊడిపోతుంది. బరువు తూచి ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి. కుక్కల్ని, గేదెల్ని చూసే డాక్టర్లందరికీ తాబేళ్ళ అనుభవం ఉండదు, కాబట్టి ముందే ఫోన్ చేసి "తాబేళ్ళకి వైద్యం చేస్తారా" అని అడిగి వెళ్ళండి. నీళ్ళలో పెట్టి తీసుకెళ్ళొద్దు. గాలి కన్నాలున్న డబ్బాలో తడిగుడ్డ పరిచి అందులో పెట్టండి.

డిప్ప సంగతి. మరీ చిన్న పిల్లల డిప్ప అంచుల్లో కాస్త వంగుతుంది, అది మామూలే. కానీ ఆరు నెలలు దాటాక కూడా నొక్కితే లోపలికి పోతోందంటే కాల్షియం అందడం లేదు. ఇది నాకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు.

మా తాబేలు గౌరిని 2013లో హైదరాబాద్‌లో కొన్నాం. అప్పుడు అరచేతిలో సగం లేదు. ఇప్పుడు డిప్ప పొడవు 23 సెంటీమీటర్లు. మొదటి ఏడాది దాని తొట్టిని తూర్పు కిటికీ పక్కన పెట్టాను. పొద్దున్నే ఎండ నేరుగా పడేది, అది రాయెక్కి కాళ్ళు వెనక్కి చాపుకుని పడుకునేది, చూసి చాలా సంతోషపడేదాన్ని. ఎనిమిది నెలల తర్వాత స్నానం చేయిస్తుంటే వెనక భాగం నా వేలి కింద అట్టముక్కలాగా వంగింది. ఆ రోజు నా చేతులు వణికాయి. డాక్టరు అడిగిన మొదటి మాట, "కిటికీ అద్దం తీసి ఉంటుందా, మూసి ఉంటుందా?" మూసే ఉంటుంది. అద్దంలోంచి వెలుగొస్తుంది, వేడొస్తుంది, కానీ చర్మంలో విటమిన్ డి3 తయారుచేసే యూవీబీ కిరణాలు రావు. డి3 లేకపోతే ఎంత కాల్షియం పెట్టినా ఎముకకి, డిప్పకి చేరదు. ఎనిమిది నెలలు ఎండలో ఉంచాననుకుంటూ నేను దానికి ఎండే చూపించలేదు.

డాక్టరు కాల్షియం ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆ తర్వాత రోజూ పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా మేడ మీదకి తీసుకెళ్ళాను. మెత్తదనం పోవడానికి నాలుగు నెలలు పట్టింది. వెనక చిన్న వంకర అలాగే మిగిలిపోయింది. అది కనపడ్డప్పుడల్లా నాకు ఆ కిటికీ గుర్తొస్తుంది.

మీరు కూడా దాన్ని రోజూ అరగంట నుంచి గంట దాకా నేరుగా ఎండలో ఉంచండి. టబ్బులో సగం నీడ తప్పనిసరి. ఎండ ఎక్కువైతే పక్కకి తప్పుకునే దారి లేకపోతే చిన్న తాబేలు కొద్ది నిమిషాల్లోనే వేడికి చనిపోతుంది, వేసవిలో మరీను. పైన జాలీ మూత పెట్టండి, కాకులు ఎత్తుకుపోతాయి. మీరు పక్కనే కూర్చోండి, లోపలికి వెళ్ళి వద్దాం అనుకోవద్దు. అలా కుదరని ఇళ్ళలో సరీసృపాల కోసం చేసిన యూవీబీ ట్యూబులైటు పెట్టుకోవాలి. మామూలు ట్యూబులైటు పనికిరాదు. యూవీబీ లైటుకీ తాబేలుకీ మధ్య అద్దం గానీ ప్లాస్టిక్ గానీ ఉండకూడదు. అది వెలుగుతూనే ఉన్నా లోపలి కిరణాలు తగ్గిపోతాయి, ఏడాదికోసారైనా మార్చాలి.

ఇక తిండి. కళ్ళు తెరిచి ఈదుతూ తిరగడం మొదలుపెట్టాక రోజూ నీటి తాబేళ్ళ పెల్లెట్లు పెట్టండి. ఎన్ని పెట్టాలన్నదానికి సులువైన కొలత దాని తలకాయ. తల లోపల ఎన్ని పడతాయో ఊహించి అన్నే వెయ్యండి. అవి అడుక్కుంటాయి, మనల్ని చూడగానే అద్దానికి మొహం ఆనించి కాళ్ళు కొట్టుకుంటాయి, కరిగిపోవద్దు. పిల్లలకి రోజూ, పెద్దయ్యాక రెండు మూడు రోజులకోసారి చాలు.

ఎండు రొయ్యలు ఎప్పుడైనా రెండు మూడు వెయ్యొచ్చు, అదే భోజనం కాకూడదు. కూరకి తెచ్చే ఉప్పు రొయ్యపొట్టు అసలే వద్దు. అన్నం, బ్రెడ్డు, పాలు, బిస్కెట్లు దాని తిండి కాదు. చికెన్ ముక్కలే రోజూ పెట్టేవాళ్ళున్నారు. వట్టి మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం దాదాపు ఉండదు, దాంతో డిప్ప ఇంకా మెత్తబడుతుంది. గౌరికి నేను వారానికోసారి మందులు కొట్టని కుండీ మట్టిలోంచి తీసిన వానపాములు వేస్తాను. వాటి వాసన తగిలితే చాలు, తొట్టి అంతా తిరిగేస్తుంది.

ఆకుకూరలు ఇప్పటినుంచే అలవాటు చేయండి. చిన్నప్పుడు ఈ తాబేళ్ళు పురుగులూ మాంసమూ ఎక్కువ తింటాయి, పెద్దవుతున్నకొద్దీ ఆకుల వైపు తిరుగుతాయి. మొదట్లో ఆకు మొహం కూడా చూడవు. గౌరి మొదటిసారి మునగాకు తినడానికి రెండు నెలలు పట్టింది. రోజూ ఒక రెమ్మ తేలేసి, సాయంత్రం తీసేసేదాన్ని. మునగాకులో కాల్షియం బాగా ఉంటుంది, మన దగ్గర ఏ వీధిలోనైనా దొరుకుతుంది. తురిమిన క్యారట్, గుమ్మడికాయ మీ తాబేలుకి ముఖ్యం, వాటినుంచి విటమిన్ ఎ తయారవుతుంది. పాలకూర మాత్రం రోజూ వెయ్యకండి. అందులోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. గుర్రపుడెక్క ఆకులు ఇష్టంగా తింటాయి కానీ, ఊరి మురుగు కలిసే చెరువులోంచి తెచ్చి వెయ్యొద్దు, ఆ మొక్క నీళ్ళలోని సీసం లాంటి లోహాల్ని పీల్చుకుంటుంది. నేను బాల్కనీలో ఒక టబ్బులో విడిగా పెంచుకుంటున్నాను.

కాల్షియానికి ఖరీదైన డబ్బాలు అక్కర్లేదు. సముద్రపు నురుగు అని పిట్టల పంజరాల్లో కట్టే తెల్లటి ముక్క ఉంటుంది, కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి ఎముక అది. వెనకవైపు గట్టి పొర గీరేసి ఒక ముక్క నీళ్ళలో వదిలెయ్యండి. కావలసినప్పుడు అదే కొరుక్కుంటుంది.

డిప్పకి కొబ్బరినూనె రాస్తే మెరుస్తుందని మా అత్తయ్య చెప్పేవారు, ప్రేమతోనే చెప్పారు. రాయకండి. నూనెకి దుమ్ము అంటుకుని కింద ఫంగస్ చేరుతుంది.

నీళ్ళ విషయంలో ఒక మాట. తాబేలు తినేదీ విసర్జించేదీ అదే నీళ్ళలో. ఆ చిన్న డబ్బా ఒక్కరోజులోనే మురికవుతుంది. ఫిల్టరు పెట్టేదాకా రోజూ మార్చండి, కొళాయి నీళ్ళు ఒకరోజు బకెట్లో నిలవబెట్టి పోస్తే క్లోరిన్ పోతుంది. నేను గౌరిని వేరే టబ్బులో పెట్టి తినిపించి అరగంట తర్వాత తొట్టిలోకి మారుస్తాను, దాంతో పని సగం తగ్గింది. ముందుముందు చాలా పెద్ద తొట్టి కావాలి. డిప్ప ఒక అంగుళం పెరిగితే సుమారు 40 లీటర్ల నీళ్ళు అని లెక్క. ఆడది 25 సెంటీమీటర్లు దాటొచ్చు, బాగా చూసుకుంటే ముప్పై ఏళ్ళు కూడా బతుకుతుంది. షాపులో ఎవరూ ఈ మాట చెప్పరు, అందుకే నేను చెప్తున్నాను. మీ పాపకి పెళ్ళయ్యే వేళకి కూడా అది మీ ఇంట్లోనే ఉండొచ్చు.

పాప గురించి ఇంకొకటి. ఆరోగ్యంగా కనపడే తాబేలు మీద కూడా సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉంటుంది. చిన్నపిల్లలు తాబేళ్ళని నోట్లో పెట్టుకుని జబ్బుపడుతున్నారనే అమెరికాలో 1975లో నాలుగు అంగుళాలకన్నా చిన్న తాబేళ్ళ అమ్మకం నిషేధించారు. భయపడనక్కర్లేదు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి, ముద్దులు పెట్టనివ్వకండి, టబ్బుని వంటింటి సింకులో కడగకండి. అయిదేళ్ళలోపు పిల్లలు ఇంటికొస్తే అసలు ముట్టుకోనివ్వకపోవడమే మంచిది.

ఇది బతకకపోతే నక్షత్ర తాబేలు తెచ్చుకుందామా, ఒకాయన ఇప్పిస్తానన్నాడు అని చివర్లో రాశారు. దయచేసి వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నక్షత్ర తాబేలుని కొనడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. అంతర్జాతీయ వ్యాపారంలో కూడా 2019లో దాన్ని అత్యంత కట్టుదిట్టమైన జాబితాలోకి చేర్చారు. ఆయన ఇప్పించేది ఏ రాయలసీమ పొదల్లోంచో గోనెసంచిలో వేసి తెచ్చినదే అయివుంటుంది. శ్రీకూర్మం గుడిలో వాటిని చూసి ముచ్చటపడని వాళ్ళుండరు, అక్కడ చూసి దండం పెట్టుకుని రండి. తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందని చెప్పేవాళ్ళ మాట విని కూడా తెచ్చుకోవద్దు.

ఉన్నదాన్ని పెంచలేమనిపిస్తే కృష్ణలోనో, గుడి కోనేటిలోనో వదిలెయ్యకండి. ఇది మిసిసిపీ లోయ తాబేలు, మన దేశపుది కాదు. వదిలినచోట మన తాబేళ్ళ తిండినీ అవి ఎండకి కూర్చునే చోట్లనీ ఆక్రమిస్తుంది. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే వంద చొరబాటు జీవుల జాబితాలో దీని పేరుంది. పెంచలేని రోజు వస్తే ఇక్కడే రాయండి, తొట్టి ఉన్నవాళ్ళని వెతుకుదాం.

రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇవి కాగితం మీద రాసుకెళ్ళండి: కొన్న తేదీ, ఏం పెట్టారో మొత్తం, నీళ్ళ వేడి, ఎండ ఎప్పుడైనా తగిలిందా, మలం చివరిసారి ఎప్పుడు వెళ్ళింది. నోరు తెరిచి గాలి పీలుస్తోందా, ముక్కులోంచి బుడగలు వస్తున్నాయా, ఈదేటప్పుడు ఒక పక్కకి ఒరుగుతోందా అన్నది ఈ రాత్రే గమనించండి. వీటిలో ఏది ఉన్నా ఊపిరితిత్తులకి నెమ్ము చేరిందేమో చూడాలి, అప్పుడు పొద్దున్నే మొదటి వేళకే వెళ్ళాలి. థర్మామీటరు కొన్నాక నీళ్ళు ఎన్ని డిగ్రీలున్నాయో రాయండి, చూస్తూ ఉంటాను.