క్లాండెస్టిన్ అంటే ఒట్టి ‘రహస్యం’ కాదు

‘ఇంగ్లీషులో క్లాండెస్టిన్ (clandestine) అన్నా సీక్రెట్ అన్నా ఒకటేనా? ఒకదాని బదులు ఇంకొకటి వాడొచ్చా?’ అని కదా అడిగారు. ఒకటి కాదు. క్లాండెస్టిన్ వ్యవహారం ఏదైనా సీక్రెట్టే గానీ, సీక్రెట్ అన్నదల్లా క్లాండెస్టిన్ కాదు.

దీనికి తెలుగులో దగ్గరి మాట ‘రహస్య’ కంటే ‘చాటుమాటు’. బయటపడితే చిక్కు గనుక గుట్టుచప్పుడు కాకుండా నడిపే పని అన్నమాట. రాజకీయాల్లో అయితే ‘లోపాయికారీ’ ఇంకా బాగా అతుకుతుంది. లోపాయికారీ ఒప్పందాన్ని క్లాండెస్టిన్ డీల్ అంటే అందులోని ఎత్తిపొడుపు కూడా వచ్చేస్తుంది. అదే ఎన్నికల రహస్య ఓటింగును క్లాండెస్టిన్ బ్యాలెట్ అంటే నవ్వుతారు. ఆ గోప్యత చట్టమే ఇచ్చింది, భయపడి దాచుకున్నది కాదు. ఆఫీసు ఫైలుకి కాన్ఫిడెన్షియల్ అనాలి. అమ్మమ్మ ఆవకాయ కొలతలకి సీక్రెట్ చాలు.

ఈ విశేషణం పనులకీ ఏర్పాట్లకీ తగులుతుంది: మీటింగ్, అఫైర్, ఆపరేషన్, మ్యారేజ్. ‘హి ఈజ్ క్లాండెస్టిన్’ అనకండి, గుంభనంగా ఉండే మనిషి సీక్రెటివ్.

పెళ్లి సంగతే చూడండి. ఇంగ్లండులో 1753లో వచ్చిన హార్డ్విక్ చట్టం పూర్తి పేరులోనే ‘క్లాండెస్టిన్ మ్యారేజెస్’ అన్న మాట ఉంది. చర్చిలో ముందుగా చాటింపు వేయకుండా, లైసెన్సు లేకుండా, లండన్ ఫ్లీట్ జైలు చుట్టుపక్కల పాదరీలు డబ్బు పుచ్చుకుని చేసే పెళ్లిళ్లను ఆపడానికే ఆ చట్టం. ఆ తర్వాత జంటలు ఆ చట్టం వర్తించని స్కాట్లండులోని గ్రెట్నా గ్రీన్‌కి పరుగెత్తడం మొదలైంది, అది వేరే కథ.

అలాగని ఈ మాట ప్రతిసారీ తిట్టు కాదు. 1942లో స్వాతంత్ర్య సమరయోధురాలు ఉషా మెహతా బృందం బొంబాయిలో పోలీసుల కళ్లుగప్పి, చోట్లు మారుస్తూ నడిపిన కాంగ్రెస్ రేడియో కూడా క్లాండెస్టిన్ రేడియోనే. బ్రిటిష్ ప్రభుత్వానికి చాటుగా నడిచింది, అంతే. తప్పా ఒప్పా అన్నది సందర్భం చెబుతుంది.

కోవర్ట్‌తో కలిపేయడం ఇంకో పొరపాటు. సైనిక పరిభాషలో పని జరుగుతోందనే తెలియనివ్వకపోతే క్లాండెస్టిన్. పని కనబడినా వెనక ఉన్నదెవరో తెలియనివ్వకపోతే కోవర్ట్. పేపరు భాషలో ఈ తేడా ఎవరూ పెద్దగా పాటించరు. క్లాసులో బల్లకింద ఫోన్ చూసుకోవడం లాంటి చిల్లర దొంగచాటు పనికి సరెప్టిషస్, దొంగచూపుకి ఫర్టివ్.

పలికేటప్పుడు ఒత్తు ‘డెస్’ మీద పెట్టండి. చివర ‘టిన్’ అనేవాళ్లూ ఉన్నారు, ‘టైన్’ అనేవాళ్లూ ఉన్నారు, రెండూ చెల్లుతాయి.