పగడంలోని శైవలాలకు కొవ్వు ఉంటుందా?

సందేహం: పగడపు దిబ్బల మీద ఒక సైన్సు వ్యాసాన్ని తెలుగు చేస్తూ 'అంతర్సహజీవి శైవలాల్లో (పగడపు జీవి లోపల బతికే నాచుల్లో) కొవ్వు చుక్కలు' అని రాశాను. 'అంతర్సహ' తప్పనీ, కొవ్వు జంతువులకే గానీ నాచుకు ఉండదనీ మా సహోద్యోగి అంటున్నారు. ఏది సరైనది?

సమాధానం: మొదటి అభ్యంతరం న్యాయమైనదే. 'అంతర్'లోని రేఫ (చివరి 'ర్') అచ్చుల ముందు, గ జ ద మ వంటి హల్లుల ముందు నిలుస్తుంది: అంతరాత్మ, అంతర్గతం, అంతర్జాతీయం, అంతర్ముఖం. క, ప, స ముందు నిలవదు: అంతఃకరణం, అంతఃపురం, అంతస్సూత్రం. కాబట్టి 'అంతస్సహజీవి' అనాలి, 'అంతఃసహజీవి' అన్నా సరే. అయితే 'సహజీవనం' అనగానే ఇప్పటి పాఠకుడికి పెళ్ళి కాని జంట గుర్తొస్తుంది, అంతా పత్రికల పుణ్యం. 1879లో జర్మన్ శాస్త్రవేత్త డి బారీ సింబయోసిస్ (సహజీవనం) అన్నది వేర్వేరు జాతుల జీవులు కలిసి బతకడాన్ని. నన్నడిగితే 'పగడపు జీవి కణాల్లో కాపురముండే శైవలాలు' అంటే చాలు. సంధి గొడవే ఉండదు.

ఇక కొవ్వు. మీ సహోద్యోగి చెప్పిన కారణం తప్పు, అభ్యంతరం మాత్రం ఒప్పు. రసాయనికంగా కొవ్వూ నూనే రెండూ ప్రధానంగా ట్రైగ్లిజరైడ్లే (గ్లిసరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతికిన అణువులు). మామూలు వేడిలో గడ్డగా ఉంటే కొవ్వు, ద్రవంగా ఉంటే నూనె. శైవలాల చుక్కల్లోనూ ఉండేవి ఎక్కువగా ట్రైగ్లిజరైడ్లే. చిక్కంతా తెలుగు మాటతోనే. మనకు కొవ్వంటే తిని బలిసిన లక్షణం, 'ఒళ్ళు కొవ్వెక్కిందా' అని తిడతాం కూడా. ఇక్కడ జరిగేది దానికి తలకిందులు. నత్రజని దొరక్కపోతే ఈ శైవలాలు ప్రోటీన్లు సరిగా తయారు చేసుకోలేవు, కణ విభజన మందగిస్తుంది. ఎండ మాత్రం పడుతూనే ఉంటుంది, కిరణజన్య సంయోగక్రియ సాగుతూనే ఉంటుంది. ఎదుగుదలకు వాడుకోలేని కార్బన్‌లో కొంత నూనెగా మారి చుక్కలు కడుతుంది. అంటే కరువులో కూడేది! దాన్ని కొవ్వంటే చదివేవాడు పొరబడతాడు.

'నూనె' అనడానికి సంకోచం అక్కర్లేదు. నువ్వుల నెయ్యే నూనె అయింది. తమిళుల 'ఎణ్ణెయ్' కూడా ఎళ్ (నువ్వులు), నెయ్ కలిసి పుట్టినదే. నువ్వులకు పుట్టిన పేరు వేరుశనగకూ కొబ్బరికీ చెల్లగా లేనిది శైవలానికి చెల్లదా?

కొవ్వులకూ నూనెలకూ కలిపి శాస్త్రం వాడే 'లిపిడ్' అన్నా మరీ పరాయి మాటేం కాదు. అందులోని గ్రీకు 'లిపోస్' (కొవ్వు), మన 'లేపనం'లోని లిప్ ధాతువు దూరపు చుట్టాలు.

'చుక్క' మాత్రం మార్చకండి. చారు మీద తేలే నూనె చుక్కల్లాగే ఇవీ గుండ్రంగా ఉంటాయి. కాకపోతే వీటి చుట్టూ ఫాస్ఫోలిపిడ్ల (ఫాస్ఫేటు చేరిన లిపిడ్ల) ఒంటిపొర ఉంటుంది. కణం చుట్టూ ఉండే కణత్వచంలా రెండు వరసలు కాదు గనక 'సంచి', 'తిత్తి' అని రాయకండి.

మీ వాక్యాన్ని ఇలా మార్చి చూడండి: 'నత్రజని కరువైతే, పగడపు జీవి కణాల్లో కాపురముండే శైవలాల్లో నూనె చుక్కలు పెరుగుతాయి.'