పొద్దున జ్వరం లేదు కదా, స్కూల్‌కి పంపొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబు రెండో తరగతి. మొన్న రాత్రి 101 జ్వరం ఉంటే పారాసిటమాల్ సిరప్ పట్టాను, తెల్లవారుజామున 4 గంటలకి మళ్లీ పట్టాను. 7కి చూస్తే 98.8 ఉంది, ఆడుకుంటున్నాడు కూడా, అందుకని స్కూల్‌కి పంపేశాను. 11 కల్లా ఒళ్లు కాలిపోతోంది వచ్చి తీసుకెళ్లమని ఫోన్. మేమిద్దరం ఉద్యోగాలు చేస్తాం, ప్రతిసారీ సెలవు దొరకదు. పైగా వాడికి ఎప్పుడు చూసినా జలుబే. ఏ జబ్బుకి ఆపాలి, దేనికి పంపొచ్చు?

జవాబు: అమ్మా, మీరు 7 గంటలకి చూసిన 98.8 మందు వల్ల వచ్చిందండి. పారాసిటమాల్ పనిచేసేది 4 నుంచి 6 గంటలు, 4కి పట్టారు కాబట్టి 7కి జ్వరం కనపడదు, 10 దాటాక మళ్లీ పైకొస్తుంది, సరిగ్గా అదే జరిగింది. అందుకే పొద్దున ఒక్కసారి థర్మామీటర్ పెట్టి నిర్ణయం తీసుకోకండి, చివరి డోసు ఎప్పుడు పట్టారో కూడా లెక్కలోకి తీసుకోండి. 100.4 దాటితే జ్వరమే. మందు అవసరం లేకుండా పూర్తిగా 24 గంటలు జ్వరం రాకుండా ఉంటేనే పంపండి, అంటే రాత్రి 9కి జ్వరం ఉంటే మర్నాడు స్కూల్ లేనట్టే, పొద్దున ఎంత హుషారుగా ఉన్నా సరే.

జలుబు సంగతి వేరు. చిన్నపిల్లలకి ఏడాదికి 6 నుంచి 8 సార్లు జలుబు రావడం మామూలే, ఒక్కోసారి దగ్గు 2, 3 వారాలు లాగుతుంది, ముక్కు కారిన ప్రతిసారీ ఆపేస్తే ఇంక వాడు స్కూల్‌కి వెళ్లేదెప్పుడు? చీమిడి పచ్చగా చిక్కగా ఉందని చాలామంది భయపడి యాంటీబయాటిక్ అడుగుతారు, రంగు మారినంత మాత్రాన అది అవసరం లేదు. జ్వరం లేదు, తింటున్నాడు, రాత్రి నిద్రపోయాడు, క్లాసులో కూర్చునే ఓపిక ఉంది అంటే పంపేయండి. దగ్గుతో రాత్రంతా లేచి కూర్చున్నవాడిని మాత్రం పంపొద్దు.

వాంతులు, విరేచనాల విషయంలో నేను కొంచెం గట్టిగానే చెప్తాను. రోజులో 2 సార్లు వాంతి అయినా, నీళ్ల విరేచనాలు అవుతున్నా ఇంట్లోనే ఉంచాలి, తగ్గాక కూడా కనీసం 24 గంటలు ఆగాలి, వీలైతే 48 ఆగితే ఇంకా మంచిది, ఎందుకంటే ఇవి క్లాసంతా చుట్టేస్తాయి. ఇంట్లో అందరూ సబ్బుతోనే చేతులు కడుక్కోండి, కొన్ని వాంతుల వైరస్‌లకి శానిటైజర్ సరిగ్గా పనిచేయదు. ఓఆర్ఎస్ చెంచాతో కొంచెం కొంచెం పట్టండి, గ్లాసుడు ఒకేసారి తాగిస్తే మళ్లీ కక్కేస్తాడు.

ఆటలమ్మ వస్తే పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా ఆపాలి, సాధారణంగా 5 రోజులు పైనే పడుతుంది. తట్టు అయితే దద్దుర్లు వచ్చాక 4 రోజులు, గవదబిళ్లలైతే వాపు మొదలయ్యాక 5 రోజులు. పేలు ఉన్నాయని స్కూల్ మాన్పించక్కర్లేదు, ఆ సాయంత్రమే మందు మొదలుపెడితే చాలు.

ఇంకోటి, స్కూల్ ఉన్న రోజుల్లోనే పొద్దున్నే కడుపునొప్పి వచ్చి సెలవు రోజు రాకపోతే, నాటకాలని తిట్టకండి. ఆ నొప్పి నిజంగానే ఉంటుంది, క్లాసులో ఏదో వాడిని భయపెడుతూ ఉండొచ్చు, నెమ్మదిగా కూర్చోబెట్టుకుని అడగండి.

ఊపిరి వేగంగా తీస్తూ డొక్కలు లోపలికి పోతున్నా, 8 గంటలుగా ఒంటేలు పోయకపోయినా, లేపితే సరిగ్గా లేవకుండా మత్తుగా ఉన్నా, మెడ బిగుసుకున్నా, ఫిట్స్ వచ్చినా స్కూల్ గురించి కాదు, వెంటనే ఆసుపత్రి గురించి ఆలోచించాలి.

సెలవు దొరకని ఇబ్బంది నాకు తెలుసమ్మా, రోజూ ఇదే బాధతో తల్లులు వస్తారు. పిల్లాడు బాగున్నప్పుడే మీరిద్దరూ మాట్లాడుకోండి, ఈసారి ఎవరు ఆగాలి, పొద్దున ఒకరు మధ్యాహ్నం ఒకరు కుదురుతుందా అని. జ్వరం దాచి మాత్రం పంపకండి, టీచర్‌కి తెలియకపోతే వాడు బెంచీ మీద తల వాల్చి పడుకున్నా నిద్రమత్తు అనుకుంటారు. మీ బాబుకి జ్వరం 3 రోజులు దాటినా, తగ్గి మళ్లీ తిరగబెట్టినా ఒకసారి పిల్లల డాక్టర్‌కి చూపించండి.