ఆకాశంలో చాలా ఎత్తున పోతున్న పక్షుల గుంపుని ఫోన్‌లో ఫోటో తీశాను. అవి ఏ పక్షులో చెప్పగలరా?

చెప్పొచ్చు, చాలాసార్లు. కాకపోతే అందరూ ముందు రంగు చూస్తారు. వెలుగుకి ఎదురుగా తీస్తే తెల్లకొంగ కూడా నల్లగానే పడుతుంది, కాబట్టి మెడ చూడండి.

మాది సూళ్లూరుపేట. పోయిన జనవరిలో మా బావ మిట్టమధ్యాహ్నం మేడ మీద నుంచి వరసగా ఫోటోలు తీసి ఇంట్లోవాళ్ల గ్రూపులో పెట్టాడు. నీలం మీద మిరియాలు చల్లినట్టు చుక్కలు, అంతే. "సైబీరియా పక్షులు" అని పెదనాన్న వెంటనే తేల్చేశారు. నేను బావకి ఫోన్ చేసి అన్నిటినీ డాక్యుమెంట్‌గా పంపించమన్నాను, ఎందుకంటే వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోయి ఆ కాస్త మెడా ముక్కూ కూడా చెరిగిపోతాయి. ఒకదాంట్లో గుంపు మలుపు తిరుగుతుంటే ఒక పక్షి పక్కకి ఒరిగింది. తల భుజాల మీదికి లాక్కుని ఉంది, ముందు పొడుగాటి ముక్కు, తోక వెనక కాళ్లు లేవు. గూడబాతు (పెలికన్, పేరులో బాతు ఉన్నా బాతు కాదు)! రెక్కల కింద నల్లటి పట్టీ కూడా లేదు గనక రోజీ పెలికన్ కాదు, మా దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రంలో కడప చెట్ల మీద గూళ్లు కట్టి పులికాట్‌కి మేతకి పోయే బూడిదరంగు గూడబాతే. ఎర్రకాళ్ల కొంగ (పెయింటెడ్ స్టార్క్) అయితే మెడ ముందుకీ కాళ్లు వెనక్కీ చాపుతుంది. మామూలు తెల్లకొంగ మెడ మడుచుకుంటుంది గానీ కాళ్లు తోక దాటి కనిపిస్తాయి.

ఎగిరే తీరూ ముఖ్యమే. ఎండపూట రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతుంటే బాతులు కానే కావు, బాతులు ఆగకుండా రెక్కలు కొడతాయి. అందుకే ఒక్క ఫోటో చాలదు, చిన్న వీడియో కూడా తీయండి.

ఇక ఈ సైబీరియా గోల. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఎర్రకాళ్ల కొంగలు దిగితే చాలు, టీవీల్లో "సైబీరియా అతిథులు" అని మొదలెడతారు. ఇక్కడ గూడు కట్టి, ఇక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచే పక్షి అతిథి ఎలా అవుతుందండీ? ఉత్తరాన్నించి చలికి వచ్చేవి పిల్లల్ని అక్కడే పెంచుకుని వస్తాయి. నిజంగా హిమాలయాలు దాటి మన చెరువులకి వచ్చే బార్ హెడెడ్ గూస్ అనే పెద్దబాతుని మాత్రం ఎవరూ పట్టించుకోరు, నాకు ఒళ్లు మండేది అందుకే.

మీ ఫోటో క్రాప్ చేయకుండా పెట్టండి. ఏ ఊరు, ఏ నెల, పొద్దున్నా సాయంత్రమా, దగ్గర్లో చెరువు ఉందా, ఇవీ రాయండి. ఈసారి తీసేటప్పుడు స్క్రీన్ మీద సూర్యుడి గుర్తు పైకి జరిపి వెలుతురు పెంచితే రెక్కల కింద రంగు కూడా కాస్త తెలుస్తుంది.