ఉడుముకి మట్టి పోసే ముందు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

సవానా మానిటర్ అనే ఆఫ్రికా ఉడుముని తెచ్చుకుంటున్నానని, దాని పెట్టెలో కింద ఏం పరవాలని ఫోన్‌లో అడిగావు. అది రెండు మాటల్లో తేలేది కాదు, అందుకే రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి. మన పొలాల్లో తిరిగే ఉడుము జోలికి వెళ్లొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూల్‌లో ఉంది, ఇంట్లో పెంచితే నేరం. సవానా ఆఫ్రికాది. దాన్ని 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. అమ్మే అతను కాగితాలు చూపించకపోతే తీసుకోకు.

ఇక మట్టి. సవానా అంటే ఎండిన గడ్డి నేల కదా అని నేను మొదట్లో నేను పెంచిన సవానాకి కృష్ణా ఇసుక నాలుగు అంగుళాలు పోసి ఊరుకున్నాను. పాపం, రోజూ తవ్వేది. తవ్విన గుంత తవ్వినట్టే కూలిపోయేది. గిన్నెలో నీళ్లున్నా ఒళ్లు ఎండిపోయి, కళ్లు లోపలికి పోయాయి. కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు డాక్టరు. రెండేళ్లు కూడా బతకలేదు. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది. పైన నేల ఎంత ఎండినా అది దాక్కునే బొరియలో గాలి తేమగా ఉంటుందని, ఆ తేమే దాని ఒంట్లో నీరు ఆరిపోకుండా కాపాడుతుందని నాకు అప్పుడు తెలియదు.

అందుకని బొరియ నిలిచే మట్టి కావాలి. మూడు పాళ్లు ఎర్రమట్టి, రెండు పాళ్లు ఏటి ఇసుక కలిపి, నీళ్లు చిలకరించి పిడికిట్లో నొక్కు. ముద్ద కట్టాలి. ఆ ముద్దలో వేలు గుచ్చి తీస్తే బొక్క అలాగే ఉండాలి. విడిపోతే ఎర్రమట్టి పెంచు, చేతికి జిగురుగా అంటుకుంటే ఇసుక పెంచు. మన గుంటూరు నల్లరేగడి ఒక్కటే వాడకు, తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే పగుళ్లిస్తుంది. సూర్యలంక ఇసుకలో ఉప్పుంటుంది, వద్దు. మిర్చి, పత్తి చేలమట్టి అసలే వద్దు, ఎన్ని మందులు కొట్టి ఉంటారో! నర్సరీలో కలిపి అమ్మే మట్టిలో ఎరువులుంటాయి. కొబ్బరి పొట్టు ఒక్కటే పోస్తే బొరియ నిలవదు, ఆరితే దుమ్ము లేస్తుంది. పేపర్లు, టైల్స్ శుభ్రం చేయడానికి నీకు సుఖం గానీ దానికి తవ్వుకోవడానికి ఏముంది?

పెద్దదానికి రెండడుగుల లోతు తగ్గకూడదు. అర అడుగు చొప్పున పోస్తూ, తడుపుతూ, అణచాలి. ఒక మూల చేత్తో చిన్న గుంత చేసి పెడితే మిగతాది అదే తవ్వుకుంటుంది. పైపొర ఆరినా ఫర్వాలేదు, మూలనుంచి నీళ్లు పోసి అడుగున తేమ నిలపాలి, బురద మాత్రం కాకూడదు. మూత మొత్తం జాలీ అయితే తేమంతా పోతుంది, చాలా భాగం మూసెయ్. ఎండ కాచుకోవడానికి లైటు ఒక పక్కనే పెట్టు. బెజవాడ మే నెల వేడికి రెండో వైపు కూడా కాలిపోతుంటే అది బొరియలోకే పోవాలి కదా, అందుకే లోతు మీద ఇంత పట్టుబడుతున్నాను.

ఇంకొకటి, నాకు ఎక్కువ టెన్షన్ దీని గురించే. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు పెట్టెలో రెండడుగులు పోస్తే తడిమట్టి రెండున్నర టన్నులు దాటుతుంది. మీది మూడో అంతస్తు ఫ్లాటు. ఇంజినీరుకి చూపించకుండా మట్టి లోడు తెప్పించకు. ఆయన కాదంటే మా ఇంట్లో కింద గది ఖాళీగా ఉంది, పెట్టె ఇక్కడే కట్టిద్దాం.

మీ మావయ్య